రాణి గుర్రమెక్కే దాకానే

రాణుల సినిమాల మీద నాకున్న కోపం చిన్నది కాదు. మొగుడు చచ్చేదాకా రాణి చేతికి కత్తి ఇవ్వరు. ఇచ్చాక ఇక దించనివ్వరు. ఆమె రాజ్యం ఎలా నడిపింది, వానలు పడని ఏడాది జనానికి ఏం పెట్టింది, ఒక్కరూ చూపించరు. యుద్ధం మధ్యలో కూడా ముక్కుపుడక తళతళలాడుతూనే ఉంటుంది. ఇంత తిట్టుకుంటూనే, రాణి సినిమా వచ్చిందంటే మొదటి వారంలోనే చూసేస్తాను. ఈ పిచ్చి నాకు అమ్మ అంటించింది.

మేముండేది వికారాబాద్‌లో. అమ్మ పుట్టిల్లు తాండూరు. నా చిన్నప్పుడు, పుట్టింటికి పోయి వస్తానని నాన్నకు చెప్పి, నన్ను వెంటబెట్టుకుని రైలెక్కేది. అక్కడ చాయ్ తాగి నేరుగా మ్యాట్నీకి. చేతిసంచిలో జొన్నరొట్టె, వేయించిన పచ్చిమిర్చి. పెళ్లికి ముందు కంది చేలో కలుపు తీసిన మనిషి కాబట్టి, రాణి చీరకట్టు మీదే ఆమె కన్నంతా. "గోచి పెట్టకుంట గుర్రమెట్ల ఎక్కుతదే? కుచ్చిళ్లు కాళ్లకు తట్టి ఆడ్నే పడ్తది" అని పక్కసీటామెకు కూడా వినబడేలా అనేది. రాణి అన్నం తినే సీను ఒక్కటీ ఉండదన్నది ఆమె రెండో ఫిర్యాదు. ఇప్పటికీ అదే అంటుంది.

అయితే ఏ రాణి సినిమానూ మేం చివరిదాకా చూడలేదు. ఆఖరి యుద్ధానికి రాణి గుర్రమెక్కగానే అమ్మ లేచేది. "నడువ్ బిడ్డా, బండి పోతది." బండి ఎక్కడికీ పోయేది కాదు. స్టేషన్‌లో బెంచీ మీద బోలెడంత సేపు పల్లీలు తింటూ కూర్చునేవాళ్లం. అలా నా లెక్కలో ఏ రాణీ చావలేదు. బళ్లో సారు ఒక రాణి చివరికి ఏమైందని అడిగితే, లేచి నిలబడి, గెలిచి ఇంటికి పోయింది సార్ అన్నాను. క్లాసంతా నవ్వింది. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను.

"సచ్చేది చూసుడెందుకు? మనం లేచేటప్పటికి మంచిగనే ఉండె గద" అంది, రొట్టె చేస్తూ.

పోయినేడాది అమ్మ గుండెలో రక్తనాళాలు మూసుకుపోయాయని తేలింది. ఆపరేషన్ చేయకపోతే ఎక్కువ కాలం ఉండదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. అమ్మ ససేమిరా అంది. "కోసుడు గీసుడు నాకొద్దు. ఎన్ని రోజులుంటే అన్ని రోజులు." బతిమాలాను, అరిచాను, అలిగాను. లాభం లేకపోయింది. అప్పుడే తాండూరులో కొత్తగా రాణి సినిమా పడింది. కాస్త మనసైనా మళ్లుతుందని తీసుకెళ్లాను.

రైల్లో ధారూర్ దాటేదాకా అమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. తెర మీదికి రాణి రాగానే మాత్రం అమ్మ పాత మనిషైంది. "గీమె జర నయం. గోచి పెట్టింది" అని మెచ్చుకుంది.

చివరికి రాణి గుర్రమెక్కింది. అమ్మ కంటే ముందు నేనే లేచాను.

"నడువ్ అమ్మా, బండి పోతది."

అమ్మ నా చెయ్యి పట్టుకుని గుంజింది. "కూసో. ఈపారి చూస్త."

ఆ రాణి చాలాసేపు చచ్చింది. పక్కనున్న ప్రతివాడికీ ఒక డైలాగు దక్కింది. అమ్మ రెప్ప వేయకుండా చూసింది. నేను చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

"గింతేనా? దీనికా నేను ఇన్నేండ్లు ఉరికింది" అంది బయటికొచ్చాక. స్టేషన్ బెంచీ మీద పల్లీలు వలుస్తూ, నా వైపు చూడకుండా అంది: "డాక్టర్‌కు ఫోన్ చెయ్. ఎప్పుడు రమ్మంటడో అడుగు."

ఫోన్ తీస్తూ, "భయమైతలేదా అమ్మా?" అన్నాను.

"ఐతది, ఎందుక్కాదు. ఆమెకు గూడ అయ్యే ఉంటది. సినిమావోడు చూపియ్యలే."

ఆపరేషన్ రోజు పొద్దున హైదరాబాద్ ఆస్పత్రిలో అమ్మను స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే పక్కనే నడిచాను. లోపలి తలుపులు తెరుచుకోవడం చూడలేక వెనక్కి తిరిగాను.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?" అంది అమ్మ వెనక నుంచి. "బండికి ఇంక మస్తు టైమున్నది. ఆడ్నే ఉండు."