నీల్ అడిగిన అపాయింట్‌మెంట్, నేను పంపిన ఈమెయిల్

ఈ బ్లాగులో ఇంతవరకు లండన్ చుట్టుపక్కల ఒక్క రోజులో వెళ్ళి రాగల చోట్ల గురించే రాస్తూ వచ్చాను. ఈసారి వెళ్ళింది కూడా అలాంటి చోటికే, వెస్ట్‌మినిస్టర్‌లో ఉన్న పార్లమెంటుకు. కాకపోతే చూడడానికి కాదు, మా ఎంపీని కలవడానికి. మనవాళ్ళలో చాలామందికి తెలియదు గానీ, ఇక్కడ కాపురముంటున్న ఎవరైనా, వీసా మీద ఉన్నవాళ్ళయినా సరే, తమ ఎంపీని పార్లమెంటు లోపలే కలవవచ్చు. దానికి రుసుమేమీ ఉండదు. ఎలా వెళ్ళాలో, ఎంతసేపు పడుతుందో రాస్తాను. ఆ రోజు మా ఇంట్లో ఇద్దరి మధ్య జరిగింది కూడా రాస్తాను. అది వదిలేస్తే మిగిలినదంతా రాసి ప్రయోజనం లేదు.

మా బిడ్డకు పద్నాలుగేళ్ళు. ఆడపిల్లగా పుట్టాడు. పదకొండు దాటాక ఒకరోజు, తాను అమ్మాయిని కాదని మా ఇద్దరికీ చెప్పాడు. ఇక్కడ నీల్ అని రాస్తున్నాను, అది అసలు పేరు కాదు. పోస్టు పెట్టే ముందు మొత్తం చదివి వినిపించాను. మా ఊరి పేరు తీసెయ్యమన్నాడు, 'వాడు' అని రాయమన్నాడు. రెండూ చేశాను. జీపీ, అంటే మా ఇంటి డాక్టరు, ఇలాంటి పిల్లలను చూసే క్లినిక్‌కు రెఫరల్ రాసి రెండున్నరేళ్ళయింది. ఆ వెయిటింగ్ లిస్టులో ఎక్కడున్నామో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. ఈలోగా టీవీ పెడితే ఇలాంటి పిల్లల గురించే వాదన. యౌవనాన్ని ఆపి ఉంచే మందులను పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు ఇవ్వకుండా ప్రభుత్వం ఆపేసింది. ఆపడమే మంచిదని, పరిశోధన చాలదని కొందరు అంటారు. అప్పటిదాకా పిల్లలు ఏమైపోవాలని మరికొందరు అంటారు. నేను మా బజారు వీధిలో ఒక ఫార్మసీలో డిస్పెన్సర్‌ని, చీటీ ప్రకారం మందులు కట్టి ఇచ్చే పని. ఏ మందు పెట్టె చేతికొచ్చినా లోపలి కాగితం చదివే అలవాటు ఉంది. అందుకే ఇద్దరి మాటా నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు.

ఎంపీకి నీల్ తనంతట తానే ఈమెయిల్ రాశాడు. పెద్దవాళ్ళు ఒకరు వెంట ఉంటే కలుస్తామని ఆఫీసు నుంచి జవాబు వచ్చాక ఫోన్ తెచ్చి నాకు చూపించాడు. చదువుతుంటే నాకు అనుమానం మొదలైంది. వాడి ఈమెయిల్‌లోని మాటలు వాడు మాట్లాడే మాటలు కావు. ఎవరు రాసిచ్చారని అడిగితే, ఆన్‌లైన్‌లో ఒక సపోర్ట్ గ్రూపు ఉందని, అందులో జో అనే ఆమె సాయం చేసిందని, అపాయింట్‌మెంట్ రోజు గేటు దగ్గర కలుస్తానందని చెప్పాడు. ఎవరీ జో? ముక్కూ ముఖం తెలియని మనిషికి నా పిల్లాడితో ఏం పని? మా ఆయనను వెంట వెళ్ళమని అడిగితే, "నువ్వు పో. నేనొస్తే నోరు ఆగదు" అన్నాడు. నిజం చెప్పాలంటే, ఎంపీని చూడడానికి కాదు, ఆ జోని చూడడానికే నేను బయల్దేరాను.

ఇంకో కారణం కూడా ఉంది, అది నీల్‌కు చెప్పలేదు. అంతకు ఆరు నెలల ముందు మా తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో మాధవి గారు ఒక లింకు పెట్టారు. పోస్ట్‌కోడ్ కొడితే చాలు, ముందే రాసి ఉంచిన ఉత్తరం మన పేరుతో మన ఎంపీకి వెళ్ళిపోతుంది. ఆ మందుల మీద నిషేధం అలాగే ఉండాలని, తల్లిదండ్రులకు చెప్పకుండా బడిలో పిల్లలను కొత్త పేరుతో పిలవకూడదని అందులో ఉంది. షాపులో టీ బ్రేక్‌లో నిలబడి నేను దాన్ని పంపేశాను. ఇప్పుడు నా పక్కన నీల్‌ను కూర్చోబెట్టుకుని అదే ఎంపీ ముందుకు వెళ్ళాలి. వేల ఈమెయిళ్ళు వస్తుంటాయి, నాది ఎవరికి గుర్తుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

వెళ్ళింది ఒక మంగళవారం. బడిలో టీచర్లకు ఇన్‌సెట్ డే, అంటే శిక్షణ రోజు, పిల్లలకు సెలవు. మా ఊరి నుంచి బస్సులో వాట్‌ఫర్డ్ జంక్షన్‌కు వచ్చి, తొమ్మిదిన్నర దాటాక రైలెక్కాం. నేను బ్యాంకు కార్డు టాప్ చేశాను, నీల్‌కు మెషిన్‌లో సగం ధర టికెట్ తీశాను. రానూపోనూ ఇద్దరికీ కలిపి ముప్ఫై పౌండ్లు దాటలేదు. యూస్టన్‌కు ఇరవై నిమిషాలు. అక్కడ భూగర్భ రైలు విక్టోరియా లైన్‌లో గ్రీన్ పార్క్ దాకా వెళ్ళి, జూబ్లీ లైన్‌లోకి మారితే తర్వాతి స్టేషనే వెస్ట్‌మినిస్టర్. రైల్లో ఉన్నంతసేపూ నీల్ ఫోన్‌లో ఎవరికో మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. నేను కొంచెం వంగితే చాలు, స్క్రీన్ అటు తిప్పుకునేవాడు. నా మీద వాడికి నమ్మకం లేదని తెలుస్తూనే ఉంది. లోపలికి వెళ్ళాక నేను అడ్డం తిరుగుతానని వాడి భయం.

పదకొండు కావస్తుండగా స్టేషన్ బయటికి వచ్చాం. పార్లమెంటు ఎదురుగా రెండు గుంపులు, మందుల మీద నిషేధం ఉండాలని ఒకటి, ఎత్తేయాలని ఒకటి, మధ్యలో పోలీసులు. ఆ రోజు ఇదే విషయం మీద సభలో ఏదో చర్చ ఉందట. రోడ్డు దాటేలోపే అరవై ఏళ్ళావిడ ఒకరు నా చేతిలో నిషేధం ఉండాలన్న కరపత్రం పెట్టారు. నీల్ నాలుగడుగులు ముందున్నాడు. వాడిని చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించి, మీ పరిస్థితి నాకు అర్థమవుతుందమ్మా అన్నారు. నేను ఇంకా నోరు విప్పలేదు. నేను తన పక్షమేనని ఆవిడ ఎలా అనుకున్నారో తెలియదు, నా కుర్తా చూసి అనుకున్నారో, ముఖం చూసి అనుకున్నారో. మీలాంటి ఏషియన్ తల్లుల గొంతు బయటికి రావాలి, ఒక్క నిమిషం వీడియోలో మాట్లాడతారా అని అడిగారు. వద్దండీ, పని మీద వచ్చాం అన్నాను.

గేటు దగ్గర జో కనిపించింది. నేను ఊహించుకున్న మనిషి కాదు. యాభై దాటిన నర్సు, రెయిన్ కోటు వేసుకుని, ఫ్లాస్కులో టీ పట్టుకుని నిలబడి ఉంది. తన పిల్ల కూడా ఒకప్పుడు ఇలాగే ఎదురుచూసిందని, ఇప్పుడు పెద్దదైందని చెప్పింది. నీల్‌ను దగ్గరికి తీసుకుంది. నాకు నచ్చలేదు. అయినా మనిషి మంచిదేనేమోనని మనసు మెత్తబడుతున్నంతలో ఫోన్ బయటికి తీసింది. బిడ్డ పక్కన నిలబడిన ఏషియన్ అమ్మ ఫోటో ఒక్కటి ఉంటే ఎంతోమందికి ధైర్యంగా ఉంటుంది అంది. పావుగంటలో రెండోసారి అదే మాట, రోడ్డుకు ఈ పక్కన. వద్దండీ, పని మీద వచ్చాం అన్నాను. నీల్ తలెత్తి చూశాడు. ఉదయం నుంచి వాడు నన్ను సూటిగా చూడడం అదే మొదటిసారి.

సందర్శకుల గేటు దగ్గర ఎయిర్‌పోర్టులో లాగే తనిఖీ ఉంటుంది. మాకు అరగంట పట్టింది. చూడడానికి వచ్చారా, మీ మెంబర్‌ను కలవడానికా అని సెక్యూరిటీ ఆయన అడిగాడు. ఎంపీతో అపాయింట్‌మెంట్ ఉందంటే, ఈమెయిల్ ఉన్నా సరే లోపల డెస్కు దగ్గర ఆకుపచ్చ కార్డు నింపండి, లేకపోతే మీరు వచ్చినట్టు వాళ్ళకు కబురందదు అని చెప్పాడు. పెద్ద రాతి హాలు దాటి, మెట్లెక్కి, విగ్రహాల నడుమ నడిచి సెంట్రల్ లాబీ చేరాం. ఎత్తయిన గోపురం కింద గుండ్రంగా ఉంటుంది. గోడల వెంట బెంచీలు. కార్డు నింపి ఇచ్చాక నలభై నిమిషాలు కూర్చున్నాం.

ముందుగా ఎంపీ ఆఫీసు నుంచి ఒక నడివయసు ఆవిడ ఫైలు పట్టుకుని వచ్చింది. చక్కగా నవ్వింది. నా పేరు చూసి పేజీ తిప్పి, మీరు మాకు కొత్తేం కాదు, నిషేధాన్ని సమర్థిస్తూ వసంతంలో ఒకసారి రాశారు కదా, ఇప్పుడు స్వయంగా వచ్చినందుకు సంతోషం అంది. ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. అవునండీ అన్నాను. నీల్ నా వైపు తిరగలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

ఎంపీ వచ్చి అదే బెంచీ మీద మా పక్కన కూర్చుని ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఏ పక్షం అని ఎవరూ వేలెత్తి చూపలేనంత జాగ్రత్తగా ఉంది ప్రతి మాటా. నీల్ ముందే రాసుకున్నది చదవలేదు. రెండున్నరేళ్ళలో తనను జీపీ పది నిమిషాలు చూసిందని, అంతే, ఇంకెవరూ చూడలేదని చెప్పాడు. తన గురించి అందరూ మాట్లాడుతున్నారని, తనతో మాట్లాడినవాళ్ళు లేరని చెప్పాడు. తర్వాత ఎంపీ నా వైపు తిరిగి, మరి మీరేం కోరుకుంటున్నారు అని అడిగారు. నా పాత ఉత్తరం ఆ ఫైలులోనే ఉంది.

"ఆ ఈమెయిల్ నేనే పంపాను. ఆ మందులంటే నాకు భయం, ఇప్పటికీ పోలేదు. కానీ బిడ్డను ఒక డాక్టరు కూర్చోబెట్టుకుని చూడకపోవడం జాగ్రత్త కాదు. మందు ఇవ్వమని నేను అడగడం లేదు, ఇవ్వొద్దని కూడా అడగడం లేదు. చూడమని అడుగుతున్నాను" అన్నాను. ఎంపీ తలూపారు. మంత్రికి రాస్తామని, మా జిల్లాలోని పిల్లల మానసిక ఆరోగ్య విభాగాన్ని కూడా అడుగుతామని అన్నారు. ఫైలు మూసిన చప్పుడు వినగానే, ఇదంతా ఇక్కడితో సరి అనుకున్నాను.

బయటికొచ్చాక నీల్ స్టేషన్ వైపు తిరగలేదు. వంతెన మీదకు నడిచాడు. పది అడుగుల వెనక నేను. టూరిస్టులు, బ్యాగ్‌పైపు వాయించే ఆయన, చక్కెర పాకంలో వేరుశనగలు వేయిస్తున్న బండి. నడి వంతెన దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఆగాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. వాడు ఎప్పటిలాగే ఇంగ్లీషులో అడిగాడు.

"పంపినప్పుడు నమ్మే పంపావా?"

"సగం నమ్మిన."

"ఏ సగం?"

"మందుల గురించి రాసింది నమ్మిన. నాకు తెలియనిది నీ ఒంట్ల పోవుడు నాకు భయం. పేరు గురించి రాసింది చదవనే లేదు బిడ్డా. చదవకుండనే నొక్కిన. అది నా తప్పే."

కోపగించుకోవద్దని చెప్పి, రెండున్నరేళ్ళుగా అడగని ప్రశ్న అడిగాను. నీకు నిజంగా ఆ మందులు కావాలని ఉందా అని.

"తెలియదు" అన్నాడు, తెలుగులో. ఆ తర్వాత మళ్ళీ ఇంగ్లీషులో, తనకూ భయమేనని చెప్పాడు. అబ్బాయినన్న విషయంలో అనుమానం లేదట, మందుల గురించే తెలియదట.

నా లోపల ఎక్కడో, అయితే ఇదంతా తప్పిపోతుందేమోనన్న ఆశ లేచింది. అది ముఖంలో కనబడినట్టుంది. వాడు వెంటనే అన్నాడు:

"చూశావా? అందుకే నీకు చెప్పలేదు. నేను 'తెలియదు' అంటే నీకు 'వద్దు' అని వినిపిస్తుంది. జో వాళ్ళకు చెబితే వాళ్ళను మోసం చేసినట్టు ఉంటుంది. ఇంక ఎవరికి చెప్పను?"

అప్పటిదాకా వాడి చుట్టూ ఉన్న ప్రతి మనిషినీ అనుమానించాను. ఈమెయిల్ రాసిచ్చిన జోని, చేతిలో కరపత్రం పెట్టిన ఆవిడను, ఆచితూచి మాట్లాడిన ఎంపీని. వాడు ఇంట్లో నోరు విప్పకపోవడానికి కారణం నేనే కావచ్చని ఒక్కసారీ అనుకోలేదు. "తెలియదన్నవ్. నాకు అంతే వినబడ్డది, ఇంకేం వినబడలే" అన్నాను. వాడు నా ముఖం పరీక్షగా చూశాడు. నమ్మాడో లేదో చెప్పలేను. నది అవతలి గట్టున బెంచీ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. గంటన్నర మాట్లాడుకున్నాం, ఎక్కువ బడి గురించీ, కొంచెం ఆ మందుల గురించీ. తన ఈమెయిల్‌లో జో రాసినవి రెండే వాక్యాలని అప్పుడు చెప్పాడు. మిగిలింది వాడే రాశాడు, పెద్దవాళ్ళలా కనిపించాలని.

ఆరు వారాలకు ఎంపీ నుంచి రెండు పేజీల ఉత్తరం వచ్చింది, మంత్రి జవాబు జతచేసి. ఎంత వెతికినా అందులో కొత్త మాట లేదు. అదే వారం జిల్లా విభాగం నుంచి ఫోన్ చేసి మొదటి పరీక్షకు తేదీ ఇచ్చారు. ఇది ఎంపీ పుణ్యమేనా అని అడిగితే, మన వంతు ఎట్లాగూ వచ్చేదేమో అని మా ఆయన అంటాడు. నాకూ అదే అనుమానం. నా పాత ఉత్తరాన్ని లెక్కలోంచి తీసెయ్యమని కూడా రాశాను, ఈసారి నా మాటల్లో. మందుల సంగతి నాకు ఇంకా తేలలేదు. తేలిందని చెప్పేవాళ్ళు, ఏ పక్కనున్నా, మా ఇంటి లోపలి కాగితం చదివినవాళ్ళు కారు. నా అనుమానాలేవీ పోలేదు. కాకపోతే ఇప్పుడు నీల్ ఎదురుగా వాటిని బయటికే అంటాను, వాడు తనవి అంటాడు. కొన్ని రోజులు తలుపు గట్టిగా వేసుకుంటాడు కూడా. వారంలో ఒకట్రెండుసార్లు వాడి నోట ఆ 'తెలియదు' వినబడుతుంది. విన్న ప్రతిసారీ నా ముఖాన్ని నేను కాచుకోవాలి. అదింకా నేర్చుకుంటూనే ఉన్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. ఎంపీని కలిసిన వెంటనే రైలెక్కేలా రోజును కుదించుకోకండి. సాయంత్రం రద్దీ వేళ కొన్ని చౌక టికెట్లు చెల్లవు, కాబట్టి ఏ రైలుకైనా చెల్లే టికెట్టే తీసుకుని, తర్వాత రెండు గంటలు ఖాళీ ఉంచుకోండి. లోపల మీకు దొరికేది ఇరవై నిమిషాలే. వెంట వచ్చిన మనిషికి అంతకంటే ఎక్కువ సమయం కావలసి రావచ్చు.