కాలువ అడుగున అడుగులు

మార్చి నెల, అప్పుడే తెల్లవారుతోంది. ఎనిడ్ టాండీ తన బొగ్గుపడవ వెనకగదిలో టీకి నీళ్ళు పెట్టి, కప్పు అందుకోబోతూ ఆగిపోయింది. పడవని గట్టుకి కట్టిన మోకు కిర్రుమంది. కాసేపాగి మళ్ళీ కిర్రుమంది.

కాలువలో నీళ్ళు నడుస్తున్నాయి.

ఏటి నీళ్ళలా కాలువ నీళ్ళకి నడిచే అలవాటు లేదు. ఎవరైనా లాకు తెరిస్తే కాస్త కదిలి, మళ్ళీ సర్దుకుని పడుకుంటాయి. ఇంత పొద్దున్నే లాకు తెరిచేవాళ్ళెవరు? పైగా ఈ నడక ఆగడం లేదు. ఎనిడ్ తలుపు తోసి తల బయటపెట్టింది. నీళ్ళ మీద ఎండుటాకులు ఏదో తొందర పని ఉన్నట్టు వరసకట్టి పెద్దకట్ట వైపు పోతున్నాయి.

అరవై ఆరేళ్ళ మనిషి, పొయ్యి కూడా ఆర్పకుండా గట్టు మీదికి దూకింది. లాకులు తిప్పే ఇనప పిడి చేతపట్టుకుని వంతెన దాటి, అవతల బారుగా కట్టేసి ఉన్న పడవల కప్పుల మీద దబదబా బాదుకుంటూ పరిగెత్తింది.

"లేవండర్రా! కట్ట తెగుతోంది, లేవండి!"

ముందుగా బయటికొచ్చింది డెస్మండ్ పైక్. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరై, ఉన్న డబ్బంతా పెట్టి ఒక పడవ కొనుక్కుని, దానికి 'లేట్ ఎగైన్' అని పేరు పెట్టుకున్నాడు. పైజామా మీద చలికోటు తగిలించుకుని నిలబడ్డాడు.

"ఎక్కడ తెగింది? నాకేం కనబడ్డం లేదే!"

"నీకు కనబడేసరికి నీ పడవ బురదలో ఉంటుంది. వంతెన దగ్గరికి రా. పలకలు వెయ్యాలి, డక్, పలకలు!" కోపంలో కూడా ఆవిడ మనిషిని 'డక్' అనే పిలుస్తుంది. స్టాఫర్డ్‌షైర్‌లో ఆ పక్క ఆడా మగా అందరికీ అదే పిలుపు.

వంతెన కింద కాలువ ఒక్క పడవ పట్టేంత ఇరుగ్గా ఉంటుంది. రెండు పక్కలా రాతిలో నిలువుగా గాడి చెక్కి ఉంటుంది. ఆ గాళ్ళలోకి ఓకు చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి దించితే నీళ్ళు ఆగిపోతాయి. గట్టు పక్కన పేర్చి ఉన్న పలకల్ని చెరో కొసా పట్టుకుని మోసుకొచ్చారు. మొదటిది దిగింది, రెండోది దిగింది. మూడోది నీటి తోపుకి అడ్డంగా ఇరుక్కుపోయింది. అప్పుడు డెస్మండ్‌కి ఒక్కసారిగా గుర్తొచ్చింది.

"ఎనిడ్! నీ పడవ అటుపక్క ఉంది! తెగే పక్క!"

"తెలుసు."

"ముందు దాన్ని ఇటు లాక్కొచ్చేద్దాం. పది నిమిషాలు..."

"పది నిమిషాలకి మీ పదకొండు పడవలూ పోతాయి. పట్టుకో."

అని ఆవిడ ఒక చేత్తో వంతెన రాయిని పట్టుకుని, ఇరుక్కున్న పలక మీదికెక్కి ఎగిరెగిరి తొక్కింది. పలక దిగింది. ఆరో పలక పడేసరికి ఇవతలి నీళ్ళు నిలిచాయి. అవతల నీళ్ళు జారిపోతూనే ఉన్నాయి.

అప్పుడు వినబడింది చప్పుడు. పెద్దకట్ట అంటే పొలాల మీద నలభై అడుగుల ఎత్తున కాలువని మోసుకెళ్ళే మట్టికట్ట. దాని పక్క ఒక్కపెట్టున విచ్చుకుంది. రెండువందల ముప్పై ఏళ్ళుగా కదలకుండా పడుకున్న నీళ్ళు లేచి నిలబడి దూకాయి. మేడంత చెట్లు మొదళ్ళతో సహా తల్లకిందులై పోయాయి. కింది మైదానంలో గొర్రెలు అప్పటికే దూరంగా మిట్ట మీదికి చేరి, అన్నీ ఒకేవైపు తిరిగి చూస్తున్నాయి. డెస్మండ్ గండికేసి చూస్తున్నాడు. ఎనిడ్ మాత్రం తన పడవకేసి చూస్తోంది. దాని పేరు కర్లూ. డెబ్బై అడుగుల పొడవు, నిండా బొగ్గు బస్తాలు, గ్యాసు సిలిండర్లు, డీజిలు. మూడు మోకుల్లో రెండు తెగాయి. మూడోది పట్టింది. నీళ్ళు దిగినకొద్దీ కర్లూ కూడా దిగి, అలిసిన గేదెలా పక్కకి ఒరిగి బురదలో కూలబడింది.

ఆ పడవే ఆవిడ ఇల్లు, అంగడి. తల్లి ఎనిడ్‌ని కన్నదీ ఇలాంటి బొగ్గుపడవ వెనకగదిలోనే. నేల మీద మూడు వారాలు బడికెళ్ళింది, అంతలో సరుకొచ్చి పడవ కదిలింది, చదువు అక్కడికి సరి. పదిహేడో ఏట ఒక చలికాలం కాలువ మూణ్ణెల్లు గడ్డకట్టింది. సరుకంతా లారీల పాలైంది. పడవ వాళ్ళంతా ఇళ్ళకి మారారు. ఎనిడ్ ఒక పింగాణీ కార్ఖానాలో కప్పులకి పిడులు అతికే పనిలో చేరింది, పెళ్ళి చేసుకుంది, ఒక కూతురిని పెంచింది, భర్తని సాగనంపింది. యాభై ఒకటో ఏట కార్ఖానా మూసేస్తే, వచ్చిన పరిహారంతో పాత కర్లూని కొని మళ్ళీ నీళ్ళ మీదికొచ్చేసింది. కాలువ మీద కాపురముండే వాళ్ళందరికీ చలికాలం పొయ్యి వెలిగేది ఆవిడ తెచ్చే బొగ్గుతోనే.

ఇన్నేళ్ళలో ఆవిడ ఎన్నడూ కాలువ అడుగు చూడలేదు. మర్నాడు రబ్బరు బూట్లు తొడుక్కుని దిగింది.

సైకిళ్ళు, తోపుడు బళ్ళు, తలుపు ఊడిన ఇనప్పెట్టె, అరచేతంత ఆల్చిప్పలు. చేపల్ని వలలు వేసి పట్టి వంతెన అవతలికి చేరవేసే వాళ్ళు ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు. ఆవిడ వాటిని దాటుకుంటూ గండి దాకా వెళ్ళింది. అక్కడ నీళ్ళు పోతూ పోతూ కాలువ అడుగున పైపొరని చాప చుట్టినట్టు ఒలుచుకుపోయాయి. కింద ఇంకో పొర బయటపడింది. బూడిద రంగు బంకమన్ను, పచ్చి జున్నులా నున్నగా ఉంది. దాని నిండా అచ్చులు.

ఎనిడ్ వంగింది. తరవాత మోకాళ్ళ మీద కూర్చుంది. గిట్టల అచ్చులు. ఒకటి కాదు, వందలు. పశువులు మందగా అటూ ఇటూ తొక్కినట్టు. వాటి మధ్య మనిషి బూటు అచ్చు, మడమ దగ్గర మేకులు కొట్టినవి కొట్టినట్టు లెక్కపెట్టొచ్చు. నిన్న సాయంత్రం తోలుకెళ్ళినట్టుంది. ఆవిడ ఒక గిట్ట అచ్చులో చెయ్యి పెట్టి చూసింది. అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. ఎందుకో గట్టిగా ఊపిరి పీల్చడానిక్కూడా భయమేసింది.

గండి చూడ్డానికొచ్చిన ఇంజనీరు వెదరల్‌ని కేకేసింది. అతను వచ్చి టోపీ తీశాడు.

"తొక్కిన మన్ను, మిసెస్ టాండీ. కాలువ తవ్విన రోజుల్లో నీరు ఇంకకుండా బంకమన్ను పరిచి, పశువుల్ని మందలు మందలుగా తోలి తొక్కించేవాళ్ళు. కాయితాల్లో చదివాను గానీ కళ్ళతో ఇదే చూడ్డం."

"అంటే ఇన్నాళ్ళూ మా అమ్మా, మా అమ్మమ్మా, నేనూ వీటి మీద తేలామన్నమాట."

"అవునండి."

ఎండితే పగిలిపోతాయని ఆవిడ ఖాళీ బొగ్గు గోనెలు తడిపి తెచ్చి అచ్చుల మీద కప్పింది. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం ఆవిడా డెస్మండూ వాటిని తడుపుతూనే ఉన్నారు.

నెల తిరక్కుండా కబురొచ్చింది. గండి పూడ్చాలంటే ఇరవై లక్షల పౌండ్లు కావాలి. పడవ వాళ్ళు కట్టే లైసెన్సు డబ్బు, సర్కారు విదిలించేది, దాతలిచ్చేది, మూడూ కలిపినా మిగతా కాలువల లాకు తలుపులకే చాలడం లేదు. నీళ్ళు పోయిన ఈ మూడు మైళ్ళకీ రెండు చివరలా గోడ కట్టి ఎండబెట్టేస్తే ఎలా ఉంటుందని కాలువ అధికారులు ఆలోచిస్తున్నారు. ఊరి హాల్లో మీటింగు పెట్టారు. వెదరల్ లెక్కలు చెబుతుంటే జనం గడియారాలు చూసుకున్నారు. కట్ట కింద పొలాలున్న గాడ్‌ఫ్రే స్టబ్స్ లేచాడు.

"నా మైదానంలో మూడడుగుల బురద. ఆవులకి గడ్డి లేదు. మేం పన్నులు కడుతుంటే మీరు నీళ్ళ మీద తేలుతూ టీలు తాగాలా?"

హాలంతా నవ్వింది. డెస్మండ్ తను రాత్రంతా కూర్చుని రాసిన ఉపన్యాసం కాయితాన్ని ఎనిడ్ చేతిలో పెట్టాడు. తనకి చదవడం రాదని ఆవిడ అతనికి ఎప్పుడూ చెప్పలేదు. కాయితం మడిచి జేబులో పెట్టుకుని లేచింది.

"మీకూ పోస్తాను టీ, మిస్టర్ స్టబ్స్. కాకపోతే నా పడవ ఒరిగి ఉంది, కప్పు ఏటవాలుగా పట్టుకోవాలి. రేపు పొద్దున రండి. అందరూ రండి, రబ్బరు బూట్లు వేసుకుని. నాకు ఉపన్యాసాలు రావు. ఒకటి చూపిస్తాను."

మర్నాడు నలభై మంది వచ్చారు. స్టబ్స్ కూడా వచ్చాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని, అందరికంటే వెనక. ఎనిడ్ గోనెలు ఒక్కొక్కటే తీసింది. స్టబ్స్ మెల్లిగా ముందుకొచ్చాడు. వంగి చూశాడు. రెండడుగులు వేశాడు, మళ్ళీ వంగాడు.

"ఇది కుంటిది," అన్నాడు.

"ఏది?"

"ఈ ఆవు. ఎడమ వెనక కాలు ఆనించడం లేదు చూడు. గిట్ట కొస మాత్రమే పడింది. ఇక్కడ... ఇక్కడా... ఇదిగో మళ్ళీ." జనం పక్కకి జరిగి దారిచ్చారు. అతను ఆ కుంటి ఆవు వెంట తొమ్మిది గజాలు నడిచాడు. ఒకచోట ఆగిపోయాడు. అక్కడ బూటు అచ్చులు రెండూ పక్కపక్కనే లోతుగా దిగి ఉన్నాయి. వాటి ముందే ఆవు నాలుగు కాళ్ళ అచ్చులూ నిలిచి ఉన్నాయి.

"ఆపాడు," అన్నాడు స్టబ్స్. "కాలెత్తి చూసుకున్నాడు. నేనైనా అదే చేసేవాణ్ణి." టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆ తరవాతి అచ్చుల మీదికి వంగాడు. "రాయి గుచ్చుకుని ఉంటుంది. ఇక్కణ్ణుంచి చూడండి, బాగానే నడిచింది."

ఎనిడ్ ఆ అచ్చులు రోజూ చూస్తూనే ఉంది, తడుపుతూనే ఉంది. ఆవిడకి కూడా ఇది తెలీదు.

కుంటి ఆవు సంగతి ఊరూరా పాకింది. మూడో ఆదివారానికి గట్టు దారి మీద మైలు పొడవున జనం. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని, మాట్లాడుకోవడం తగ్గించుకుని, చర్చిలోకి వెళ్తున్నట్టు కాలువలోకి దిగారు. స్టబ్సే దగ్గరుండి చూపించేవాడు. వెళ్ళేటప్పుడు బకెట్లో నోట్లు వేసి వెళ్ళేవాళ్ళు. పోస్టులో చెక్కులొచ్చాయి. ఒకావిడ తన తాత ఈ కాలువ గట్టున పడవలు లాగే గుర్రం తోలాడని రాసి పెళ్ళి ఉంగరం పంపింది. చివరికి కౌన్సిలు కొంత కలిపింది, మిగతాది వేసుకోక అధికారులకీ తప్పలేదు. లారీలు పోవడానికి స్టబ్స్ తన పొలంలోంచి దారిచ్చాడు, అద్దె అడగలేదు.

ఆ పధ్నాలుగు నెలలూ ఎనిడ్ ఒరిగిన పడవలోనే కాపురం చేసింది. సూపు గిన్నెకి ఒక పక్కే నిండేది. జారిన వస్తువల్లా ఎడమ గోడ దగ్గరే దొరికేది. కూతురు వచ్చి ఇంటికి రమ్మంది. "సమంగా పడుకోడం మర్చిపోయానమ్మా, మీ ఇంట్లో మంచం మీంచి పడతాను," అని పంపేసింది.

కొత్త మన్ను పరిచే రోజొచ్చింది. అచ్చుల్లో ప్లాస్టరు పోసి నకళ్ళు తీసుకున్నారు. ఇక వాటి మీద పొర వెయ్యాలి. పాతదీ కొత్తదీ కలిసే అతుకు దగ్గర యంత్రాలు దింపితే పాత మన్ను చితికిపోతుందని వెదరల్ తల పట్టుకున్నాడు.

"నా దగ్గర ఇరవై రెండు కోడెలున్నాయి," అన్నాడు స్టబ్స్.

"రూల్సు ఒప్పుకోవండీ, దీనికి ఏ ఫారం నింపాలో కూడా నాకు తెలీదు!"

"అయితే నువ్వు వెళ్ళి ఫారం వెతుక్కో. నేను కోడెల్ని తోలుకొస్తా."

తోలుకొచ్చాడు. వెదరల్ ఫారం వెతకడానికి ఎక్కడికీ వెళ్ళలేదు, ప్యాంటు పైకి మడిచి తనూ దిగాడు. కోడెల వెనక డెస్మండ్, పడవల వాళ్ళు, ఊళ్ళో వాళ్ళు మోకాలి లోతు మన్నులో ఒకరి నడుం ఒకరు పట్టుకుని సాయంత్రం దాకా తొక్కారు.

"పాపం అనిపించడం లేదా, మళ్ళీ కప్పేస్తుంటే?" అని అడిగాడు డెస్మండ్.

"వాటి పని నీళ్ళు పట్టడం, డక్. మనకి కనబడ్డం కాదు," అంది ఎనిడ్. అంటూనే పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మే నెలలో ఒక పొద్దున వంతెన కింది పలకలు ఎత్తారు. కొత్త మన్ను బెదరకుండా కొంచెం కొంచెంగా నీళ్ళు వదిలారు. వంతెన దగ్గర బ్యాండు మేళం, రంగుకాయితాలు, పెద్దమనుషుల మాటలు. ఎనిడ్ అక్కడ లేదు. ఖాళీ కాలువ అంచున నీళ్ళ వెంట నడుస్తోంది. వేలెడు మందం నీరు. ముందు నురుగు, దాని ముందు పుల్లలు, వాటికీ ముందు ప్రాణాలు అరచేత పెట్టుకుని పరిగెడుతున్న ఒక సాలీడు. నడక నేర్చే బిడ్డంత నెమ్మదిగా వస్తోంది నీరు. గుంట వస్తే ఆగి, దాన్ని నింపి, మళ్ళీ కదులుతోంది. నీళ్ళ మీదే పుట్టి పెరిగింది గానీ, నీళ్ళు రావడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ కర్లూ పక్కన గట్టు మీద కూర్చుని, ఇనప పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. నీళ్ళు పడవ నడుం దాకా వచ్చాయి. లోపల్లోపల ఎక్కడో బురద వదులుతున్న చప్పుడు, పెద్ద నిట్టూర్పులాగా. అరచేతి కింద డెబ్బై అడుగుల ఇనుము సన్నగా వణికింది. ఇరవై టన్నుల పడవ, ఎవరూ ముట్టుకోకుండా, వెంట్రుకవాసి లేచింది.

"ఎనిడ్! నిన్ను ఫోటోకి పిలుస్తున్నారు, రావే!" అని వంతెన మీంచి కేకేశాడు డెస్మండ్.

ఆవిడ చెయ్యి తియ్యలేదు.

"ఉండు," అంది మెల్లిగా. "ఇంకా వస్తున్నాయి."