రంగసామి వంతు నీళ్లు

నలభై ఏళ్లుగా ఒక మంచిపేరు మోస్తున్నాను. అది నాది కాదు. ఊళ్లో ఎవరైనా దాన్ని ఎత్తిన ప్రతిసారీ తల వంచుకుంటాను, అది వినయమనుకుంటారు. మీరు నన్నెరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

రంగసామి మా మేనత్త కొడుకు. నాకంటే రెండేళ్లు పెద్ద. కినత్తుకడవు పక్కన మా పల్లె. ఇద్దరం కోయంబత్తూరు దారిలో ఒక మిల్లులో నూలు వడికే చోట పనిచేసేవాళ్లం. యుద్ధం మొదలయ్యాక మిల్లు రాత్రీ పగలూ పట్టాళానికి కాకీ గుడ్డ నేసింది. ఆ మిల్లులో పనిచేసే మా ఇళ్లలో ఆడవాళ్లకు మార్చుకోవడానికి రెండో చీర లేదు. మేనత్త పొద్దు పొడవకముందే రేషన్ అంగడి ముందు నిలబడి, మధ్యాహ్నానికి పురుగు పట్టిన జొన్నలతో తిరిగొచ్చేది. పట్టాళంలో చేరదామన్నది నేనే. రంగసామికి ఇష్టం లేదు. నన్ను ఒంటరిగా పంపలేక వెంట వచ్చాడు.

మమ్మల్ని బర్మా సరిహద్దు కొండల్లో రోడ్లు వేసే దళంలో వేశారు. మేము పార పట్టుకునేవాళ్లం, తుపాకీ కాదు. అయినా ఒక వేసవిలో జపాను సైన్యం మేమున్న కొండను చుట్టుముట్టింది. ఊట ఉన్న లోయ వాళ్ల చేతికి చిక్కింది. విమానాలు నీళ్ల డబ్బాలు జారవిడిచేవి. సగం వాళ్లవైపే పడేవి. మనిషికి రోజుకు ఒక్క మగ్గు. దానితోనే తాగాలి, దానితోనే బతకాలి. నాలుక చెక్కలా అయ్యేది. నిద్రలో అందరూ చప్పరించేవారు, పాలు మాన్పించిన పసిబిడ్డల్లా.

ఫిరంగి గుండు ముక్క రంగసామి తొడలో దిగింది. గాయపడ్డవాళ్లను కందకంలో వరసగా పడుకోబెట్టారు. వాళ్లకు నీళ్లు పంచే పని నాకిచ్చారు. నమ్మకస్తుడినని ఇచ్చారు.

మొదటి రోజు అతని వంతు అతనికే ఇచ్చాను. రెండో రోజు మగ్గు పట్టుకుని అతని దగ్గర కూర్చున్నాను. అతనికి జ్వరం, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒక్క గుక్క అనుకున్నాను. మగ్గు ఖాళీ అయింది. అతను కళ్లు తెరిచి చెయ్యి చాస్తే, డాక్టరు నీకు నీళ్లు వద్దన్నాడు బావా, గాయం చెడుతుందట, అన్నాను. అంత తేలిగ్గా ఆ అబద్ధం ఎక్కడినుంచి వచ్చింది? ఇప్పటికీ తెలియదు. అతను తలూపి, తడిగుడ్డతో పెదాలు తుడవమన్నాడు. తుడిచాను. మర్నాడూ అతని వంతు తాగాను. ఆ మర్నాడూ తాగాను. అప్పటికి అది తొందరపాటు కాదు. తెలిసే తాగాను.

ఐదో రోజు పొద్దున డాక్టరు వచ్చాడు. తమిళం తెలిసినవాడు. రంగసామి నాలుక చూసి నావైపు తిరిగి, ఇతనికి నీళ్లివ్వడం లేదా, ఇతనికే ఎక్కువ కావాలి కదా, అని గద్దించాడు. రంగసామి నన్ను చూశాడు. ఆ చూపులో కోపముంటే బాగుండేది. ఏదో అర్థంకాని లెక్క అర్థమైనట్టు, నెమ్మదిగా చూశాడు.

"ఇస్తాండాడు సార్. నాకే దిగలా," అన్నాడు తమిళంలో కొంత, తెలుగులో కొంత.

డాక్టరు వెళ్లిపోయాడు.

"ఒద్దని చెప్పినాడంటివే," అన్నాడు రంగసామి.

నేను చేతిలోని మగ్గు కింద పెట్టాను.

"ఎన్ని దినాలురా?"

"మూడు."

"అడిగుంటే సగం ఇచ్చుందును గదరా."

"బావా, నిజం ఎందుకు చెప్పలా?"

"చెప్పుంటే నిన్ను ఊరికే విడుస్తారా? మీ అమ్మకి నేనేం జవాబు చెప్పేది?"

అని కందకం గోడవైపు తిరిగాడు. ఆ తరువాత బతికినంత కాలం నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

కొన్నాళ్లకు సాయం వచ్చింది. ఇద్దరం ప్రాణాలతో బయటపడ్డాం, అతను వంగని కాలితో. మా దళంలో పనిచేసిన పొల్లాచ్చి మనిషి ఒకడు, నేను గాయపడ్డవాళ్లకు నీళ్లు మోయడం చూసినవాడు, మాకంటే ముందే వచ్చి ఊళ్లో చెప్పాడు. నేను బస్సు దిగగానే మేనత్త నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. "నా బిడ్డకి నీళ్లు పోసి బతికిస్తివే సామీ," అంది. కాదనడానికి నోరు తెరవాల్సింది. తెరవలేదు. నన్ను చూస్తే రంగసామి లేచి వెళ్లిపోయేవాడు. విశ్వాసం లేనివాడని ఊరు అతన్ని తిట్టింది. నేను విన్నాను. విని ఊరుకున్నాను.

ఇక్కడితో ఆగి ఉంటే, దాహమని చెప్పుకునేవాణ్ణి. ఆగలేదు.

మిల్లులో నన్ను మేస్త్రీని చేశారు. రంగసామి గేటు కావలి పనికి అర్జీ పెట్టాడు. మేనేజరు నన్ను పిలిచి, మీ బంధువట, ఎలాంటివాడు, అని అడిగాడు. ఫ్యాను గాలికి బల్లమీద అర్జీ కదులుతోంది. ఇప్పుడు నాకు ఏ దాహమూ లేదు. ఎదురుగా మంచినీళ్ల కూజా కూడా ఉంది. రోజూ రెండుసార్లు ఆ గేటు దాటాలి, ఆ ముఖం చూడాలి అన్న ఒక్క భయంతో, "యుద్ధంనుంచి వచ్చినప్పటినుంచి మతి సరిగా లేదు సార్," అన్నాను.

ఆ మాట మిల్లు దాటింది. తరువాత ఏ మిల్లూ అతన్ని తీసుకోలేదు. పొల్లాచ్చిలో కొబ్బరి మండీలో నేలలో పాతిన ఇనుప గునపం ముందు ఒంటికాలిమీద బరువు మోపి, కాయలు ఒలుస్తూ ముసలివాడయ్యాడు. నేను చెప్పిన మాట అతనికి తెలుసా? తెలిసే ఉంటుంది. నా గురించి మాత్రం చివరిదాకా ఎవరితోనూ నోరు విప్పలేదు. నన్ను కాపాడడానికా, నా పేరెత్తడం అసహ్యమా? రెండోదే అయి ఉండాలని కోరుకుంటాను.

పోయిన నెల అతను చనిపోయాడు. కర్మ అయ్యాక అతని కూతురు నా దగ్గరికొచ్చింది. "మామా, మా నాయనకి మతి సరిలేదని అందరూ చెప్తారు. నాకి అట్ల ఎప్పుడూ అనిపించలా. యుద్ధంలో మీరు ఆయన పక్కనే ఉండినారు గదా, నిజమేనా?" అంది. లేదమ్మా, బాగానే ఉండినాడు, అన్నాను. మిగతాది గొంతులోనే ఉండిపోయింది. ఆ పిల్ల నాకు దండం పెట్టి వెళ్లింది.

క్షమించమని అడగను. అడగాల్సినవాడు లేడు, ఉన్నా అడిగే ముఖం లేదు. రంగసామి మతి చివరిదాకా సరిగానే ఉంది. అతని నీళ్లు తాగింది నేను. అతని అన్నం పోగొట్టింది నేను. ఈ మాటలు రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. ఇన్నేళ్లలో నా గొంతు నాకు నిజం చెప్పడం ఇదే మొదటిసారి.