బానెట్ మీది మూడు గీతలు

బీదర్ రోడ్డు మీద కార్లకు పాలిష్ పట్టే మాణిక్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. పక్కనే పంక్చర్లు వేసుకునే నాకు ఆ తిట్లు రోజూ వినక తప్పదు. ఎర్రమట్టి కడగకుండా బండి తెచ్చినవాణ్ని తిడతాడు. ఎండలో కాలిన బానెట్‌కు అప్పటికప్పుడు పాలిష్ పట్టమన్నవాణ్ని తిడతాడు. పాలిష్ మిషన్ మెత్తను బండి రంగుకు ఆనించాకే స్విచ్ వేయాలి, ఒత్తకూడదు, అంచుల దగ్గర ఆగకూడదు. ఇంత మాట చెప్పడానికీ అతనికి అరుపే కావాలి. "ప్లగ్గు పీకకుంట మిషన్ ఇడిసి పోయెటోడు మనిషే కాదు" అని నన్ను కూడా ఎన్నిసార్లో గదిమాడు. నేను ఆ మిషన్‌ను ముట్టి ఎరుగను!

మొన్న న్యాల్‌కల్ నుంచి శివరాజ్, తల్లి బస్వమ్మతో కలిసి తండ్రి జీపు తెచ్చాడు. తండ్రి సిద్దప్ప నిరుడు పోయాడు. బతికినన్నాళ్లూ పొద్దున్నే బానెట్ మీద తడి విభూతి అద్దిన మూడు వేళ్లతో గీతలు గీసేవాడు. రుద్దీ రుద్దీ అక్కడ రంగు అరిగి, కడిగినా పోని మూడు గీతలు పడ్డాయి.

బస్వమ్మ వాటి మీద చెయ్యి పెట్టింది. "జీపంత మెరిపియ్యి బిడ్డా, గివి మాత్రం ముట్టకు. ఆయనవి గివే మిగిలినయి" అని చెప్పి బజారుకు వెళ్లింది.

ఆమె అటు పోగానే శివరాజ్ మొదలుపెట్టాడు. "పెండ్లికి పోయే బండి. గీ మచ్చలేంది? తీసెయ్."

"రంగు పల్చగున్నది. మిషన్ పెడితే రేకు తేలుతది. మీ అమ్మ చెప్పింది ఇనలేదా?"

"బండి నాది. చెప్పింది చెయ్."

మాణిక్‌కు ఒళ్లు మండింది. "నీ బండి నువ్వే రుద్దుకో పో!" అని మిషన్ స్టూలు మీద పడేసి, విసవిసా రోడ్డు దాటి టీ కొట్టుకు పోయాడు. ప్లగ్గు పీకలేదు.

శివరాజ్ మిషన్ అందుకున్నాడు. గాల్లోనే స్విచ్ వేస్తే పాలిష్ మందు నా గోడ దాకా చిమ్మింది. ఆపైన బలమంతా పెట్టి గీతల మీద ఒత్తాడు. నేను పరుగెత్తి ప్లగ్గు పీకేసరికి మాడు వాసన. మూడు గీతలూ నడిమికి చెరిగి, అరచేయంత మేర రేకు తేలింది. వాణ్ని ఆ రేకుకేసి కొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది. మాణిక్ మీదా నా కోపం తగ్గలేదు.

మాణిక్ ఉరికొచ్చి శివరాజ్ చొక్కా పట్టుకున్నాడు. ఆ బూతులు విని రోడ్డంతా పోగైంది. అప్పుడే బజారు నుంచి వచ్చిన బస్వమ్మ జనాన్ని తోసుకొచ్చి బానెట్ తడిమింది. జరిగిందంతా నేనే చెప్పాను. ఆమె కొడుకు వైపు చూడనైనా లేదు.

"గింత కోపమున్నది గద బిడ్డా, ఆ ప్లగ్గెందుకు పీకలే?" అని మాణిక్‌ను అడిగింది.

మాణిక్ చొక్కా వదిలేశాడు.

ఆమె కొంగుముడి విప్పి విభూతి బిళ్ల తీసింది. తడిపి, ఆ రేకు మీద మూడు వేళ్లతో గీసింది. అటూ ఇటూ మిగిలిన పాత గీతల కొసలు వెడల్పు. ఆమె వేళ్లు సన్నం. ఎంత దిద్దినా కలవలేదు.