ముల్లు మీద వేసిన నింద

ఇంజను మీద అరచెయ్యి వేసి, లోపల ఎంత వేడి ఉందో డిగ్రీలతో సహా చెప్పేవాణ్ణి. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు చేశాను. నేను చెయ్యి వేసి "ఇక పోనీ" అంటే తప్ప బండి గేటు దాటేది కాదు.

ఇది మా గల్లీలో నేను చెప్పుకున్న చరిత్ర. ముప్పై ఏళ్ళ మాట నిజమే. కాకపోతే నేనున్నది టైర్ల గదిలో. వచ్చిన టైరు, పోయిన టైరు రాసుకోవడం నా పని. ఇంజన్లు చూసేవాళ్ళు పక్క షెడ్డులో ఉండేవారు. టీ తాగే వేళ వాళ్ళ మాటలు వినేవాణ్ణి. ఆ విన్నదాంతోనే, రిటైరయ్యాక, దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో పెద్ద మెకానిక్కునైపోయాను. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, పోయే బండి చప్పుడు విని "బేరింగు పోయింది" అనేవాణ్ణి. ఎప్పుడో ఒకసారి నిజంగానే పోయి ఉండేది. దాన్ని ఎవరూ మరిచిపోకుండా నేను చూసుకునేవాణ్ణి.

మా కింది వాటాలో నల్లగొండ వైపు నుంచి వచ్చిన జంట ఉంటారు. బత్తాయిల వ్యాపారం. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నన్నాళ్ళు అతను తోపుడు బండి మీదే సరుకు తెచ్చుకునేవాడు. మార్కెట్ బాటసింగారం వెళ్ళిపోయాక అంత దూరం బండి తోయలేక ఒక పాత కారు కొన్నాడు. వెనక సీటు పీకేసి ట్రేలు పేర్చుకునేవాడు. ఆ కారు తిరిగితేనే వాళ్ళ పొయ్యి వెలిగేది.

ఎండాకాలం ఒక పొద్దున సరుకుతో వచ్చాడు. ట్రేలు దించకుండా నా కుర్చీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"తాతా, గీ టెంపరేచర్ ముల్లు జర చూడు. ఎల్‌బీ నగర్ దాటంగనే ఎర్రగీత మీదికి పోతున్నది. మెకానిక్ దగ్గరికి తీస్కపోతా."

"నేనుండంగ మెకానికా?"

"కారు అమ్మినాయనేమో ముల్లు ఉత్తగనే తప్పు చూపిస్తదన్నడు. నిజమో అబద్ధమో తెల్వక పరేషానైతున్న."

ట్రే ఎత్తుకోబోతున్న అతని భార్య నవ్వింది. "తాత ఒక్క చూపు చూస్తే ముల్లు భయపడి అదే దిగుతది తియ్."

బానెట్ ఎత్తించాను. ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచమన్నాను. ఇంజను వేడి కొలిచే సెన్సారుకు తగిలించిన వైరు పీకి, ముల్లు చూడమన్నాను.

"దిగింది తాతా! మొత్తం కిందికొచ్చింది!"

"చూసినవా మరి!"

వైరు పీకితే మంచి మీటరు ముల్లు కూడా పడిపోతుంది. దాంతో తేలేది మీటరూ వైరూ పనిచేస్తున్నాయని మాత్రమే. ఇంజను కాగుతోందా లేదా అన్నది తేలదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా "చూసినవా" అన్నాను. ఆ మాట అనడంలో ఉన్న సుఖం అలాంటిది.

ఆ పిల్ల మాత్రం ట్రే కింద పెట్టి అడిగింది. "మరి ఇంజను నిజంగ కాగుతున్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

అడగవలసిన ప్రశ్న అదే.

"చెయ్యి పెడితే తెలుస్తది బిడ్డా" అని, రేడియేటర్ పై పైపును గుప్పిట పట్టుకున్నాను. వాళ్ళు చూస్తున్నారని కావాలనే కాసేపు వదల్లేదు. "గోరువెచ్చగున్నది. ఇంజనుకేం కాలే. సెన్సారు ఖరాబైంది. వైరు తీసే ఉంచు, ముల్లు మళ్ళ భయపెట్టదు."

నా అరచేతులకు రెండేళ్ళుగా స్పర్శ లేదు. షుగరు. టీ గ్లాసు ముందు మా ఆవిడ పట్టుకుని చూసి, అప్పుడు నాకిస్తుంది. గల్లీలో ఎవరికీ చెప్పలేదు. పైపు వేడిగా ఉందో చల్లగా ఉందో నా చేతికి అసలు తెలియలేదు. గోరువెచ్చన అన్నది నా నోరు అల్లింది.

సాయంత్రం చూసుకుంటే అరచేతి మధ్య బత్తాయి గింజంత బొబ్బ. బత్తాయి గింజంతేమిటి, నాలుగు వేళ్ళ కిందా బారుగా ఉంది. ముల్లు నిజమే చెప్పిందని నా చేతిమీదే కనబడుతోంది. దిగి చెబుదామని సగం మెట్లు దిగాను. కింద అతను ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు. "మా తాత ఒక్క నిమిషంల పట్టేసిండు. గసొంటి మనిషి ఇంట్ల ఉండాలె." తిరిగి పైకెక్కాను. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు కూడా రేపే అనుకున్నాను.

మూడో రోజు హైవే మీద కారు ఆగిపోయింది. ఎల్‌బీ నగర్లో ఒక షెడ్డుకు లాక్కొచ్చారని తెలిసి ఆటోలో వెళ్ళాను. మెకానిక్ కోస్తా వైపు మనిషి. చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"మీటరు కరెక్టేనండీ. వాటర్ పంపు లీకై నీళ్ళన్నీ పోయాయి. హెడ్డు వంగిపోయింది, పిస్టన్లు పట్టేశాయి. ఈ వైరెవరు పీకారండీ?"

"మా తాత" అన్నాడు అతను. వెంటనే నాకు అడ్డంగా నిలబడ్డాడు. "ఊకెనే పీకలేదన్నా. పైపు పట్టుకుని చూసినంకనే. గప్పుడు గోరువెచ్చగనే ఉండె."

"ఎర్రగీత మీదున్న బండి పైపు పట్టుకున్నారా? ఎవరికైనా చెయ్యి కాలిపోద్దండీ!"

నా కుడిచెయ్యి లాల్చీ జేబులో ఉంది. నేనే బయటికి తీసి చూపించానని రాయాలని ఉంది. తీయలేదు. అతనే నా మణికట్టు పట్టుకుని లాగాడు. బొబ్బ చితికి తోలు ఊడి ఉంది.

"ఏంది తాతా గిది?"

"షుగరు బిడ్డా. చేతులకు ఏం తెలుస్తలేదు."

అతను నా చెయ్యి వదల్లేదు. "అంటే కాలింది తెల్వలేదా? తెలిసి చెప్పలేదా?"

"తెల్వలే" అన్నాను.

అంతే, అతని మొహం మెత్తబడింది. "ముందుగాల చెప్తే నిన్ను ముట్టనిద్దునా తాతా" అన్నాడు. ఆగిపోయిన కారును అక్కడే వదిలేసి, నన్ను మందుల షాపుకు తీసుకెళ్ళి మలాము కొనిచ్చాడు.

ఆ ఇంజను మళ్ళీ లేవలేదు. ఇప్పుడతను వేరేవాళ్ళ ట్రాలీ ఆటోలో కిరాయి పంచుకుని పోతాడు. వాళ్ళిచ్చిన చోటులో పట్టినన్ని ట్రేలే తెస్తాడు, మునుపటి దాంట్లో సగం కూడా ఉండవు. గల్లీలో అతని భార్య అందరికీ చెప్పింది, "పాపం, తాతకు చేతులు మొద్దుబారినయంట, ఎవ్వలకు చెప్పుకోలె" అని. రోజు విడిచి రోజు పైకొచ్చి నా చేతికి కట్టు మారుస్తుంది. నేను తల వంచుకుని కట్టించుకుంటాను. నా గొప్పలు నమ్మి బండి పోగొట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు నా మీద జాలిపడుతున్నారు. ఆ జాలి కూడా నేను అబద్ధమాడి తెచ్చుకున్నదే.

బొబ్బను ఆ సాయంత్రమే చూశానని, రెండు రోజులు చూస్తూ ఊరుకున్నానని వాళ్ళకు తెలియదు. అతనికి చదువు రాదు, ఆమెకు వచ్చు. ఆమె చేతికే ఇద్దామని ఇదంతా రాశాను. ఇచ్చేశానని రాసి ముగిస్తే బాగుండును. ఇది రాయడం మొదలుపెట్టాక నాలుగుసార్లు ఆమె కట్టు మార్చి వెళ్ళింది. కాగితాలు నా దిండు కిందే ఉన్నాయి.