ఎందుకండీ గారు

ఆయన అసలు పేరు ఆఫీసులో సగం మందికి తెలియదు. ‘ఎందుకండీ’ గారంటే మాత్రం తెలియనివాళ్లు లేరు. కంపెనీ ఖాతాదారుల వివరాలన్నీ ఉండే డేటాబేస్ ఆయన చేతి కిందే ఉంది. ఎవరు వచ్చి ఏ రిపోర్టు అడిగినా, కళ్లజోడు ముక్కు కొసకి జార్చి, ఎడమ అరచేత్తో కీబోర్డు కప్పేసి, “ఎందుకండీ?” అంటాడు. నమ్మదగ్గ కారణం చెప్పేదాకా ఆ చెయ్యి తియ్యడు. ఇంట్లో భార్య “ఇవాళ కూర ఎలా ఉంది?” అనడిగినా, వండింది ఆవిడే అన్న సంగతి మరిచిపోయి అదే ప్రశ్న వేస్తాడు.

మొన్న ఆయన కొత్త నియమం పెట్టాడు. ఇకపై ఫిర్యాదుల రిపోర్టు కావాలంటే ఎవరైనా సరే, చివరికి తానైనా సరే, కంప్యూటర్లో కారణం రాసి అనుమతి కోరాలి. ఆ అనుమతి ఇచ్చేది మాత్రం ఆయనే. ఆ మధ్యాహ్నమే మేనేజరమ్మ మీటింగులోంచి రొప్పుతూ వచ్చింది.

“పైవాళ్లంతా కూర్చుని ఉన్నారు. ఆ ఫిర్యాదుల రిపోర్టు మీరే తీసివ్వండి, త్వరగా!”

ఆయన బుద్ధిగా అనుమతి కోరాడు. కారణం దగ్గర ‘మేడమ్ అడిగారు’ అని రాశాడు. తర్వాత కుర్చీలో సర్దుకుని, అనుమతులిచ్చే పేజీ తెరిచి, ఆ కారణాన్ని మళ్లీ మళ్లీ చదివి, పెదవి విరిచి, తిరస్కరించాడు.

“కుదరదు మేడమ్. కారణం సరిగ్గా రాయలేదు.”

“రాసిందెవరు?”

“నేనేనండి. మనిషి మంచివాడే గానీ, ఒక్కసారి వదిలేస్తే నెత్తికెక్కి కూర్చుంటాడు.”