సైలెన్సర్ ముందరి డబ్బా

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేం ఇంద్రేశంలో ఇల్లు కట్టుకున్నాం. పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో పనిచేసే మా అన్న అప్పుడే ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. అమ్మకు ఉబ్బసం. సంగారెడ్డి డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకుపోవడం కష్టమవుతోందనే కొన్నాడు.

కొన్నాళ్లకు కారు ఎత్తు ఎక్కలేకపోయింది. సైలెన్సర్ ముందుండే కన్వర్టర్ డబ్బా పూడుకుపోయిందని, కొత్తది వేయడం కంటే దాన్ని తీసేసి మామూలు గొట్టం అతికిస్తే బండి ఇంకా బాగా లాగుతుందని మెకానిక్ చెప్పాడట. అన్న సరేనన్నాడు. నిజంగానే బండి హుషారుగా పరుగెత్తింది.

మర్నాడు పొద్దున అన్న కారు స్టార్ట్ చేసి లోపలికి వచ్చి టీ తాగుతున్నాడు. వాకిట్లో కూర్చున్న అమ్మకు దగ్గు తెర మొదలైంది. నేను ఆమెను పట్టుకుని లోపలికి తెచ్చి ఇన్‌హేలర్ పంపుతో మందు పీల్పించాను. ఊపిరి కుదుటపడ్డాక అన్నను అడిగింది.

"బండికి ఏం జేపిచ్చినవ్ కొడుకా? ఇన్నొద్దులు గిట్ల కండ్లు మండలే."

పాత డబ్బా ఒకటి తీయించానని అన్న చెప్పాడు. అదేం చేస్తుందని ఆమె వదలకుండా అడిగింది. దాని లోపల తేనెపట్టులా సన్నని రంధ్రాలుంటాయని, వాటికి పూసిన లోహం వేడెక్కి, వాటి గుండా పోయే విషపు పొగను చాలావరకు హాని లేని గాలిగా మారుస్తుందని చెప్పాడు. చెబుతూ చెబుతూనే అతని గొంతు తగ్గిపోయింది.

అమ్మ కోప్పడలేదు. "కంపెనీల పొగ మన చేతుల లేదు. గిదన్న మన చేతుల ఉంది గద. మల్ల పెట్టియ్యి," అంది.

ఆ ఆదివారమే అన్న పటాన్‌చెరు వెళ్లి కొత్తది వేయించుకొచ్చాడు. ఇంజను వేడెక్కేదాకా అది సరిగా పనిచేయదని తెలిసి, ఆనాటి నుంచి కారును రోడ్డు మీదికి తీసుకుపోయాకే స్టార్ట్ చేసేవాడు. నేను వెనక నుంచి తోసేదాన్ని.

అమ్మ ఉబ్బసం తగ్గలేదు. గాలి పాశమైలారం వైపు నుంచి ఘాటు వాసన మోసుకొచ్చిన రోజుల్లో కిటికీలన్నీ మూసినా ఆమెకు నిద్ర ఉండేది కాదు. అలాంటి రోజుల్లో అన్న ఆమె పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండేవాడు. అన్న పనిచేసే చోటి వాసనే అది అని మాకెవరికీ చెప్పనక్కర్లేదు. దాని గురించి ఇంట్లో ఎన్నడూ మాట్లాడుకోలేదు.